కోరంగి మడ అడవికి వెళ్తున్నారా? టికెట్ కన్నా ముందు పాటు టైమ్ చూసుకోండి

విశాఖలో పుట్టి పెరిగి, రోజూ బీచ్ రోడ్డు మీదే ఆఫీసుకి వెళ్లే నాకు సముద్రం పెరిగే పోటు ఎప్పుడో, తగ్గే పాటు ఎప్పుడో తెలియదన్న సంగతి కోరంగి వెళ్లాక గానీ బయటపడలేదు. ఆదివారం పూట, పిల్లాజెల్లాతో, తీరిగ్గా టిఫిన్లు కానిచ్చి బయల్దేరితే అక్కడికి చేరేసరికి మిట్టమధ్యాహ్నం దాటింది. కాలువ నిండా నీళ్లు, చెక్క వంతెన కింద నీళ్లు, చెట్ల మొదళ్లలో నీళ్లు. బోటు ఎక్కాం, దిగాం. మొత్తానికి ఒక్కటే కొంగ కనిపించింది, దాన్ని మా వీధి చివర గెడ్డలో ఇంకా దగ్గర్నించి చూడొచ్చు. దిగేటప్పుడు బోటు నడిపే పెద్దాయన్ని "పక్షులేవండీ?" అని అడిగితే ఆయన నావైపు జాలిగా చూసి, "పాటులో రావాలండి. ఇప్పుడు పిట్టలు ఎక్కడ నిలబడతాయండి, నీళ్ల మీదా? ఆయ్" అన్నాడు.

ఆ తర్వాత నాలుగైదుసార్లు వెళ్లాను, ఆయన చెప్పినట్టే వెళ్లాను. ఇప్పుడు రాసేదంతా ఆ ఒక్క ముక్కకి పొడిగింపే. విశాఖ నుంచి ఒక్కరోజులో వెళ్లి రావాలనుకునేవాళ్ల కోసం రాస్తున్నాను, కాకినాడ వాళ్లు దారి గురించి రాసిన భాగం వదిలేసి చదువుకోవచ్చు.

తెలియని వాళ్లకి రెండు ముక్కలు. కోరంగి అభయారణ్యం కాకినాడ జిల్లాలో, కాకినాడ నుంచి యానాం వెళ్లే దారిలో ఉంది. 1978లో ప్రకటించారు, విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. గౌతమీ గోదావరి చివర్లో చీలికలై సముద్రంలో కలిసే చోట పెరిగిన మడ అడవి ఇది. ఒకప్పుడు కోరంగి పెద్ద ఓడరేవు. ఇక్కణ్ణించి ఓడలెక్కి వెళ్లిన తెలుగువాళ్లని బర్మాలో కోరంగీలు అనేవారట. 1789లో ఒకసారి, 1839లో మరోసారి తుఫాను ఉప్పెన వచ్చి ఊరిని తుడిచిపెట్టేసింది. ఇప్పుడక్కడ నిలబడితే రేవు ఛాయలు కూడా కనిపించవు, చెట్లూ బురదా తప్ప.

పోటు, పాటు: పది నిమిషాల లెక్క

సముద్రం రోజుకి సుమారు రెండుసార్లు పెరుగుతుంది, రెండుసార్లు తగ్గుతుంది. పెరిగితే పోటు, తగ్గితే పాటు. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య ఆరుంపావు గంటలు, కాస్త అటూ ఇటూగా. ఇది రోజూ ఒకే టైమ్‌కి రాదు. ఇవాళ పాటు తొమ్మిదింటికైతే రేపు దాదాపు తొమ్మిదీ యాభైకి, ఎల్లుండి పదీ నలభైకి, అలా రోజుకి ఓ 50 నిమిషాల చొప్పున ఆలస్యమవుతూ పోతుంది.

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. "పోయిన ఆదివారం మా బావగారు పదింటికి వెళ్లారు, వందల పక్షులట" అని విని మీరు ఈ ఆదివారం అదే పదింటికి వెళ్తారు. ఏడు రోజులు, రోజుకి 50 నిమిషాలు, లెక్కేయండి: దాదాపు ఆరు గంటలు. అంటే ఆయనకి పాటు ఉన్న టైమ్‌కి మీకు సరిగ్గా నిండు పోటు! బావగారు అబద్ధం ఆడలేదు, మీరు వారం ఆలస్యంగా వెళ్లారు, అంతే. ఇంకో వారం ఆగి వెళ్లుంటే మళ్లీ ఇంచుమించు ఆయన చూసిన టైమ్‌కే పాటు దొరికేది. ఈ రెండు వారాల లెక్క ఒక్కటి గుర్తుంచుకుంటే చాలు, సగం పని అయిపోయినట్టే.

పాటు టైమ్‌కి అంత ప్రాధాన్యం ఎందుకంటే, నీళ్లు తగ్గినప్పుడు బయటపడే బురదే ఈ పక్షులకి విస్తరి. పురుగులు, నత్తలు, చిన్న పీతలు అన్నీ ఆ బురదలోనే ఉంటాయి. పోటు వచ్చి బురద మునిగిందంటే భోజనాలు అయిపోయాయని అర్థం, పక్షులన్నీ దూరంగా ఎత్తైన ఇసుక దిబ్బల మీదకి పోయి ఒంటికాలి మీద కునుకు తీస్తాయి. అటువైపు మీకు దారి ఉండదు.

టైమ్‌లు ఎక్కడ చూడాలంటే, హైదరాబాద్‌లో ఉన్న ఇన్‌కాయిస్ సంస్థ సముద్ర సమాచారంతో పాటు వీటిని కూడా ఇస్తుంది, ఫోన్‌లో టైడ్ యాప్‌లు కూడా బోలెడున్నాయి. విశాఖ కాకుండా కాకినాడ పేరు ఎంచుకోండి. యాప్ చెప్పేది సముద్రం ఒడ్డున టైమ్, కాలువల లోపలికి ఆ మార్పు చేరడానికి ఇంకాస్త పడుతుంది కాబట్టి అరగంట వెసులుబాటు ఉంచుకోండి. యాప్ లేకపోతే గోడ మీద వెంకట్రామా క్యాలెండర్ ఉందిగా! అమావాస్య, పౌర్ణమి దగ్గర పోటూ పాటూ రెండూ గట్టిగా ఉంటాయి, బురద ఎక్కువ దూరం తేలుతుంది. అష్టమి దగ్గర రెండూ నీరసంగా ఉంటాయి.

ఇప్పుడు మీకు కావాల్సిన రోజు ఎలాంటిదంటే: పాటు పొద్దున్న తొమ్మిదీ పదీ మధ్య పడాలి. అప్పుడు పోటు సాయంత్రం మూడుంపావు, నాలుగుంపావు మధ్య వస్తుంది. ఎందుకీ తిప్పలంటే, పక్షులకి పాటు కావాలి, బోటుకి పోటు కావాలి. కాలువలో నీళ్లు బాగా తగ్గితే బోటు అడుగు బురదకి ఆనుతుంది, నడపరు. ఈ రెండిటినీ ఒకే పగటిలో ఇరికించాలంటే పొద్దున పాటు, మధ్యాహ్నం తర్వాత పోటు ఉన్న రోజే ఎంచుకోవాలి. అది మీ సెలవు రోజున పడకపోతే? ఒక రోజు సెలవు పెట్టండి, ఆదివారం గుంపు కూడా తప్పుతుంది. సెలవు దొరక్కపోతే బోటు వదిలేయండి, పాటు వదలకండి. నా ఓటు ఎప్పుడూ పాటుకే.

ముందు మన ఊళ్లోనే ఒక పొద్దున్న

160 కిలోమీటర్ల పైన పోయి అక్కడ కళ్లు తెరవడం కన్నా, విశాఖలోనే ఒకసారి ప్రాక్టీస్ చేయండి. పాటు పొద్దున్నే పడిన రోజు చూసి తెన్నేటి పార్కు కింద రాళ్ల దగ్గరికో జోడుగుళ్లపాలెం వైపో దిగండి. 2020లో బంగ్లాదేశ్ సరుకు ఓడ కొట్టుకొచ్చి ఆగింది చూశారూ, ఆ తీరమే. నీళ్లు తగ్గాక రాళ్ల సందుల్లో చిన్న చిన్న మడుగులు మిగులుతాయి. మొదట ఏమీ కనిపించదు. గొంతుక్కూర్చుని, మీ నీడ మడుగు మీద పడకుండా సర్దుకుని, ఓ రెండు నిమిషాలు ఊరికే చూడండి. రాయికి అంటుకున్న మట్టిముద్ద అనుకున్నది పువ్వులా విచ్చుకుంటుంది, అది సీ అనిమోన్, జంతువే. గులకరాయి అనుకున్న శంఖం నడుస్తుంది, లోపల పీత కాపురం. పచ్చటి పాకుడు ఉన్న రాయి మీద మాత్రం అడుగు వేయకండి. నేను వేశాను, ఆ మోచేయి ఇప్పటికీ చలికాలంలో పలకరిస్తుంది.

ఇది ఎందుకు చేయమంటున్నానంటే, కోరంగిలో పనికొచ్చే రెండు అలవాట్లూ ఇక్కడే పడతాయి. ఒకటి, నీళ్లు తగ్గే టైమ్‌ని ఫోన్‌లో చూసిందానికీ కళ్లతో చూసిందానికీ పోల్చుకోవడం. రెండోది, కదలకుండా కూర్చోవడం. రెండోదే కష్టం.

అలాగే ఫిషింగ్ హార్బర్ దగ్గర పడవలు వచ్చే వేళకి ఒకసారి పైకి చూడండి. తెల్లటి తల, ఇటుక రంగు రెక్కలతో తిరిగేది గరుడ పక్షి. ఆ రంగు ఒకసారి కంటికి పడితే కోరంగిలో ఎంత దూరాన ఉన్నా గుర్తుపడతారు.

ఏ నెలలో

నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా. ఉత్తరాన మంచు పడే దేశాల నుంచి వలస పక్షులు వచ్చి ఉండేది అప్పుడే, మార్చిలో కూడా కొన్ని మిగులుతాయి. అక్టోబర్, నవంబర్లలో అల్పపీడనం వార్త వినిపిస్తే ప్రయాణం ఆపేయండి. హుద్‌హుద్ చూసిన ఊరివాళ్లం, మనకి వేరే చెప్పక్కర్లేదు. నేనైతే డిసెంబర్ రెండో వారం నుంచి సంక్రాంతి లోపు వెళ్తాను. సంక్రాంతికి మాత్రం వద్దు, గోదావరి జిల్లాల రోడ్లన్నీ అల్లుళ్లతో నిండి ఉంటాయి.

ఇంకొక రోజు కూడా చూసుకోవాలి, చొల్లంగి అమావాస్య. పుష్య మాసం అమావాస్యనాడు గోదావరి పాయ తుల్యభాగ సముద్రంలో కలిసే చొల్లంగి దగ్గర స్నానాలకి జనం విపరీతంగా వస్తారు, గోదావరి ఏడు పాయలూ సముద్రంలో కలిసే చోట్ల స్నానాలు చేసే సప్తసాగర యాత్ర మొదలయ్యేది అక్కడే. మీరు వెళ్లాల్సింది సరిగ్గా ఆ దారినే. స్నానానికి వెళ్తే మంచిదే, పక్షుల కోసమైతే ఆ రోజు మానుకోండి.

సంచిలో ఏముండాలి

ఎక్కువ రాయను. బైనాక్యులర్స్ ముఖ్యం, 8×42 అని రాసి ఉన్నవైతే చాలు. పది రెట్లు చూపించేవి గొప్పగా అనిపిస్తాయి గానీ బోటు ఊగుతుంటే పిట్ట కాదు, మీ గుండె చప్పుడు కనిపిస్తుంది. కొనలేకపోతే అడిగి తెచ్చుకోండి, ఇద్దరికి ఒకటైనా ఫరవాలేదు, నలుగురికి ఒకటైతే కొట్లాటే. మట్టిరంగు, ఆకుపచ్చ బట్టలు. పెళ్లి ఫోటోకి వేసుకునే తెల్ల చొక్కా వద్దు. పట్టు ఉన్న బూట్లు, తడి చెక్కల మీద జారతారు. టోపీ, నీళ్లు, దోమల క్రీము. మెర్లిన్ అనే ఉచిత యాప్‌లో మన దేశపు పక్షుల ప్యాక్‌ని ఇంట్లో వైఫైలోనే దింపుకోండి, అక్కడ సిగ్నల్‌ని నమ్ముకోవద్దు. ఆ యాప్‌లోని పక్షి కూతల్ని మాత్రం అడవిలో గట్టిగా పెట్టకండి, తన చోటులోకి వేరే పక్షి దూరిందని అవి కంగారు పడతాయి.

తిండి పులిహోరో చపాతీలో కట్టుకుపోవచ్చు, కాకపోతే లోపల తినకండి. కవరు చప్పుడుకి దగ్గర్లో ఉన్నవన్నీ ఎగిరిపోతాయి.

దారి

కారైతే తెల్లవారుజామున ఐదింటికి బయల్దేరాలి, ఐదున్నర అంటే ఆరవుతుంది. జాతీయ రహదారి మీద అనకాపల్లి, తుని, అన్నవరం దాటాక కత్తిపూడి దగ్గర ఎడమకి తిరిగితే పిఠాపురం మీదుగా కాకినాడ. కాకినాడ దాటి యానాం రోడ్డు పడితే చొల్లంగి తర్వాత కోరంగి. మధ్యలో కాఫీతో సహా మొత్తం నాలుగు గంటలు వేసుకోండి. అన్నవరం కొండ ఎక్కాలనే ఆలోచన వెళ్లేటప్పుడు పెట్టుకోవద్దు, స్వామి సాయంత్రం కూడా అక్కడే ఉంటాడు, పాటు ఉండదు.

రైలైతే సామర్లకోటలో దిగాలి. అక్కణ్ణించి కాకినాడ దగ్గరే, బస్సులూ ఆటోలూ ఉంటాయి. కాకినాడ నుంచి యానాం వైపు వెళ్లే బస్సు ఎక్కి కోరంగి దగ్గర దింపమనండి. పొద్దున తొమ్మిదింటి పాటు అందుకోవాలంటే రైలు మీద కుదరడం కష్టం, ముందు రాత్రే కాకినాడ చేరి పడుకోవడం మేలు. ముసలివాళ్లు, చిన్నపిల్లలు ఉంటే కూడా ఇదే చేయండి.

బోటు నడుస్తోందా, ఎన్నింటికి అన్నది ముందు రోజే అటవీ శాఖ వాళ్లని అడిగి ఉంచుకోండి. టికెట్టూ బోటూ వేర్వేరు, కాస్త చిల్లర దగ్గర పెట్టుకోండి.

లోపలికి వెళ్లాక

అందరూ చేసేది ఏంటంటే, చెక్క వంతెన మీద గబగబా చివరిదాకా నడిచి, ఫోటో దిగి, గబగబా వెనక్కి వచ్చేయడం. మీరు అలా చేయకండి. మొదటి వంద అడుగులు దాటాక ఎవరూ లేని చోటు చూసి ఆగిపోండి. రెయిలింగ్‌కి ఆనుకోండి. కిందకి చూడండి, పైకి కాదు.

బురదలోంచి వేలెడు వేలెడు పొడవున వేలకొద్దీ పుల్లలు నిటారుగా పొడుచుకొచ్చి కనిపిస్తాయి. అవి మొక్కలు కావు, మడ చెట్ల వేళ్లు. ఉప్పు బురదలో గాలి ఆడదు కాబట్టి ఆ చెట్లు వేళ్లని పైకి పంపి ఊపిరి తీసుకుంటాయి. వాటి మధ్య బురద ఖాళీగా, చిల్లులు పడ్డ దోసెలా ఉంటుంది. ఆ చిల్లుల్లో ఉన్నవాళ్లంతా మీ అడుగుల చప్పుడుకి లోపలికి పోయారన్నమాట. ఇప్పుడు కదలకండి. మా అమ్మాయి అంకెలు లెక్కపెట్టింది, 170 దగ్గర మొదటి పీత బయటికి వచ్చింది.

మొదట రెండు కళ్లు, పుల్లల చివర పెట్టిన ఆవగింజల్లా. తర్వాత ఒక డెక్క. మగదైతే ఒక డెక్క ఒంటికి మించిన సైజులో ఉంటుంది, రంగు కూడా కొట్టొచ్చినట్టు ఉంటుంది, రెండోది చిన్న పిసరు. తినేది ఆ చిన్నదాంతోనే. బురదని చిటికెడు తీసి నోట్లో పెట్టుకుని, అందులో పనికొచ్చేది తీసుకుని, మిగిలినదాన్ని ఆవాలంత ఉండగా చేసి పక్కన పెడుతుంది. పెద్ద డెక్క తిండికి పనికిరాదు, అది ఆడపీతకి చెయ్యి ఊపడానికీ పక్కింటి మగపీతని బెదిరించడానికీ. మూడు నిమిషాలయ్యేసరికి మా ముందు ఓ నలభై పీతలు చేతులు ఊపుతున్నాయి, పెళ్లి ఊరేగింపులో డాన్సు కట్టినట్టు. వెనక నుంచి ఒక కుటుంబం స్పీకర్‌లో పాటతో వచ్చింది. ఒక్క రెప్పపాటు, బురద మళ్లీ ఖాళీ.

అక్కడే ఇంకో జీవి ఉంటుంది, వేలెడంత చేప, నీళ్లలో కాకుండా బురద మీద గెంతుతూ. మడ్‌స్కిప్పర్ అంటారు. కళ్లు నెత్తి మీద, కప్పలాగా. మొప్పల దగ్గర సంచుల్లో నీళ్లు నింపుకుని, తడి చర్మంతో కూడా గాలి పీలుస్తూ బయట బతికేస్తుంది. ముందు రెక్కల మీద, మోచేతుల మీద పాకే పిల్లాడిలా పాకుతుంది, వేళ్లు కూడా ఎక్కుతుంది. పిల్లలుంటే పులి కనిపించినా ఇంత ఆనందించరు.

ఒక హెచ్చరిక. ఆకులు తుంచకండి. అడవి కాబట్టి మాత్రమే కాదు, ఇక్కడ తిల్ల అనే చెట్టు ఉంటుంది, తుంచితే తెల్లటి పాలు కారతాయి, అవి కంట్లో పడితే చూపుకే ప్రమాదం. ఏది తిల్లో ఏది మడో మనకి వెంటనే తెలియదు కాబట్టి దేన్నీ ముట్టుకోకపోవడమే తేలిక.

బురద మీద పక్షులు

ఇప్పుడు తల ఎత్తండి. పాటు టైమ్‌కి ముందు ఓ గంటన్నర, తర్వాత ఓ గంటన్నర, ఇదీ మీ చేతిలో ఉన్న కాలం. చెట్ల సందుల్లో, వాచ్ టవర్ మీంచి, కాలువ మలుపుల్లో బురద ఎక్కడ తేలితే అక్కడ చూడండి.

పేర్లతో మొదలుపెట్టకండి, ముక్కులతో మొదలుపెట్టండి. బురదలో ఏరుకుతినే ఈ ఉల్లంకి పిట్టలన్నీ మొదట్లో ఒకేలా, మట్టిరంగులో ఉంటాయి, పుస్తకం చూసి గుర్తుపడదామంటే తలనొప్పి వస్తుంది. ముక్కు పొడవు చూస్తే కథ తేలుతుంది. పొట్టి ముక్కున్నవి నాలుగడుగులు పరుగెత్తి, ఆగి, పైన కనిపించిందాన్ని టపీమని ఏరుకుంటాయి. మధ్యరకం ముక్కువి కుట్టుమిషన్ సూదిలా బురదలో గబగబా పొడుస్తూ పోతాయి. కొడవలిలా వంగిన పొడుగు ముక్కున్న పెద్ద పక్షి కనిపిస్తే అది కర్ల్యూ గానీ దాని తమ్ముడు విమ్‌బ్రెల్ గానీ, అడుగున దాక్కున్న పీతని కూడా లాగేస్తుంది. ఒకే బురద, మూడు అంతస్తుల్లో మూడు రకాల వాళ్లు తింటారు, కాబట్టి పెద్దగా తగాదాల్లేవు.

మనకి ముందే తెలిసినవాళ్లు కూడా ఉంటారు. గుడ్డి కొంగ ఒడ్డున గడ్డిలో కలిసిపోయి కూర్చుని, ఎగిరేటప్పుడు తెల్లగా మెరుస్తుంది. నారాయణ పక్షి బూడిదరంగు శాలువా కప్పుకున్న పెద్దమనిషిలా ఒంటరిగా నిలబడి ఉంటుంది. నీటి కాకులు రెక్కలు ఆరబెట్టుకుంటాయి. లకుముకి పిట్టల్లో ఇక్కడ ప్రత్యేకం నల్ల టోపీ పెట్టుకున్నది, తల నలుపు, మెడ తెలుపు, వీపు ముదురు నీలం, ముక్కు ఎరుపు. అది మన ఊరి కరెంటు తీగల మీద కనిపించేది కాదు, ఇలాంటి మడ కాలువల్లోనే. కాలువ మీద వాలిన కొమ్మలన్నిటినీ ఓపిగ్గా బైనాక్యులర్స్‌తో తడమండి.

నీళ్లు తిరగడం మొదలయ్యాక చూడాల్సింది ఇంకొకటుంది. బురద అంచు చిన్నదవుతున్నకొద్దీ దూరంగా ఉన్న పక్షులు అంగుళం అంగుళం వెనక్కి జరుగుతూ మీవైపు వస్తాయి. మీరు వాటి దగ్గరికి వెళ్లక్కర్లేదు, పోటే వాటిని మీ దగ్గరికి తోలుకొస్తుంది. అందుకే పాటు అయిపోయిందని లేచి వెళ్లిపోకండి, నాకు బాగా దగ్గరగా కనిపించినవన్నీ ఆ తర్వాతి గంటలోనే.

బోటు, నీటికుక్కలు

మధ్యాహ్నం బయటికి వచ్చి తినండి, నడుం వాల్చండి. పోటు నిండుతుండగా బోటు ఎక్కండి, ఇంజిన్‌కి దూరంగా, ముందు భాగంలో. బోటు నడిపేవాళ్లని మర్యాదగా "ఏవండీ, నీటికుక్కలు ఈమధ్య ఎటువైపు కనిపిస్తున్నాయండీ" అని అడిగి చూడండి. పుస్తకాల్లో లేని సమాచారం వాళ్ల దగ్గర ఉంటుంది, అడిగేవాళ్లే తక్కువ.

నీటికుక్కలు ఒంటరిగా తిరగవు, కుటుంబంతో తిరుగుతాయి. నీళ్ల మీద వరసగా నల్లటి తలలు, మధ్యలో ఈల వేసినట్టు చప్పుడు వినిపిస్తే అవే. అవి కనిపించకపోయినా గుర్తులు దొరుకుతాయి: ఒడ్డున పొర్లి నున్నగా చేసిన బురద, చేప పొలుసులూ పీత చిప్పలూ కలిసిన రెట్ట. నాకు ఇన్నిసార్లలో ఒక్కసారే కనిపించాయి, అదీ ఓ పది సెకన్లు.

ఇక్కడ బావురు పిల్లులు కూడా ఉన్నాయి, నీళ్లలోకి దూకి చేపలు పట్టే అడవి పిల్లులు, కాలివేళ్ల మధ్య కొంచెం పొర కూడా ఉంటుంది. బోర్డుల మీద బొమ్మ చూసి ఆశపడకండి. రాత్రి తిరిగే జంతువు, అటవీ శాఖ కూడా కెమెరాలు పెట్టే లెక్క చూసుకుంటుంది. పొద్దున బురదలో గుండ్రటి పాదముద్ర చూపిస్తే పిల్లలకి అదే పెద్ద కథ.

ఐదయ్యేసరికి బయట ఉండండి. ఆ తర్వాత దోమలదే రాజ్యం.

తాబేళ్ల గురించి అడుగుతారు కాబట్టి

కోరంగికి అవతల సముద్రం వైపు హోప్ ఐలాండ్ ఉంది, కాకినాడకి గోడలా అడ్డుపడే పొడవాటి ఇసుక దిబ్బ. ఆలివ్ రిడ్లే తాబేళ్లు అక్కడికి గుడ్లు పెట్టడానికి వస్తాయి. కానీ తాబేలు పిల్లల కోసం విశాఖ వాళ్లు అంత దూరం పోనక్కర్లేదు. మన బీచ్‌లలోనే జనవరి నుంచి మార్చి దాకా రాత్రిళ్లు ఒడ్డెక్కి, ఇసుక తవ్వి, ఒక్కొక్కటి వంద పైన గుడ్లు పెట్టి వెళ్తాయి. కుక్కల బారిన పడకుండా అటవీ శాఖ వాళ్లు వాటిని ఏరి హేచరీల్లో పూడ్చి, యాభై రోజులు అటూ ఇటూగా పిల్లలు రాగానే సముద్రంలోకి వదులుతారు. ఆ వదిలే పొద్దున్న అడిగి వెళ్లండి. ఫ్లాష్ వేయకండి, ఫోన్ టార్చ్ కూడా వద్దు, పిల్లలు వెలుతురు వైపు తిరిగిపోతాయి. చేత్తో ఎత్తి నీళ్లలో వేద్దామనిపిస్తుంది, వేయకండి, అవి నడవగలవు. వాటి వెనక ఇసుకలో పడే చిన్న చిన్న గీతల్ని తొక్కకుండా నిలబడటమే మీ పని.

తిరుగు ప్రయాణం

ఇప్పుడు అన్నవరం ఎక్కండి. విస్తరాకు పొట్లంలో ప్రసాదం నాలుగు ఎక్కువే తీసుకోండి, తుని దాటేలోపు రెండు అయిపోతాయి. కారులో ఎవరో ఒకరికి ఫోన్ ఇచ్చి ఇవాళ ఏవేవి ఎన్నింటికి కనిపించాయో, అప్పుడు నీళ్లు ఎక్కుతున్నాయో దిగుతున్నాయో రాయించండి. పేరు తెలియకపోతే "వంకర ముక్కుది, పది, నీళ్లు తిరిగాక అరగంటకి" అని రాసినా చాలు. మూడో ప్రయాణానికి అదే మీ గైడు, నేను రాసిందాని అవసరం ఉండదు.

ఇంటికొచ్చి క్యాలెండర్‌లో పధ్నాలుగు రోజుల తర్వాతి తేదీకి పెన్నుతో సున్నా చుట్టండి, పాటు మళ్లీ ఇంచుమించు ఇదే టైమ్‌కి ఉండేది ఆ రోజే. పోయిన డిసెంబర్‌లో నేను చుట్టబోతే ఆ గడిలో మా ఆవిడ చేతిరాతతో "గ్యాస్ బండ" అని అప్పటికే రాసి ఉంది. ఆ పక్క రోజుకి మార్చుకున్నాను, 50 నిమిషాలే కదా తేడా.